కుట్టులో వదిలిన గుడ్డ

ఫిబ్రవరి 4

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. క్షేమమని రాస్తే అబద్ధం. క్షేమం కాదని రాస్తే నువ్వు ఉన్నపళాన బస్సెక్కి వచ్చేస్తావు. అందుకని ఆ వాక్యం వదిలేసి సంగతిలోకి వస్తున్నాను.

ఫోన్ ఎత్తడం లేదని అలిగావు. ఎత్తి ఏం చెయ్యను? ఎడమ చెవి ఎప్పుడో పదవీ విరమణ చేసింది, కుడి చెవి చెప్పాపెట్టకుండా నాగాలు పెడుతోంది. నువ్వు చెప్పేదాంట్లో సగం వినపడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరమైతే ఒకసారి చదువుకోవచ్చు, రెండోసారి తిట్టుకోవచ్చు.

కొట్టు సంగతి అడిగావు. వీధి చివర అద్దాల దుకాణం తెరిచారు. నాలుగంతస్తులు, లోపల కదిలే మెట్లు. జనం మెట్లెక్కడానికే వెళ్తున్నారు గాని, వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో దిగలేరు కదా. ఇవాళ నా కొట్టుకి వచ్చిన ప్రాణులు రెండే. ఒకటి లెక్కల టీచరు, రెండోది పిల్లి. పిల్లి ఏమీ కొనలేదు. టీచరు ఎప్పట్లాగే మూల ఎత్తుపీట మీద కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుకుని, నా మొహానికి ఎదురుగా తిరిగి పెదాలు కనపడేలా నాలుగు మాటలు చెప్పి వెళ్ళింది. ఈ ఊళ్ళో నాతో అరవకుండా మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

కొట్టు అద్దెకిచ్చిన ఇంటాయన మొన్న వచ్చాడు. ఈ ఏడాది గనక ఇలాగే ఉంటే గోడ కొట్టేసి నా కొట్టుని పక్కనున్న మందుల కొట్టులో కలిపేస్తాడట. తప్పు ఆయనదీ కాదు. ఖాళీ కొట్టు ఎవరికి మాత్రం ముద్దు? కానీ ఇరవయ్యేళ్ళు నిలబడ్డ చోటు పోతే నేనెక్కడ నిలబడాలి? ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే, నేనున్నానో లేనో నాకే అనుమానం వస్తుంది.

అందుకే నువ్వన్న ఆన్‌లైన్ ముచ్చటకి సరేనంటున్నాను. నువ్వెప్పుడో చేసిపెట్టిన వెబ్‌సైటు ఇంకా బతికే ఉందట. మందుల కొట్టాయన తన ఫోన్లో చూపించాడు. దించేసిన షట్టరు ఫొటో, దాని కింద "సుస్వాగతం" అని పెద్దక్షరాలు. ఎవరైనా ఎందుకొస్తారే?

మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు నిన్ను పట్టుకుంటున్నాను.

కొట్టుతోపాటు కుంగుతున్న
నీ అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

గడ్డిపోచ మాట్లాడుతున్నాను.

ఆ షట్టరు ఫొటో తీసిన రోజు ఆదివారం. నువ్వు తాళంచెవి ఇంట్లో మర్చిపోయావు. గుర్తుందా? ఆ తప్పు ఇన్నేళ్ళూ నా నెత్తినే ఉంది. ఇప్పుడు మొత్తం కొత్తగా చేస్తాను. ఆఫీసులో పగలంతా ముక్కూమొహం తెలియని వాళ్ళ దుకాణాలకి వెబ్‌సైట్లు చేస్తున్నాను. చెప్పుల దుకాణం, పరుపుల దుకాణం, మొన్న కుక్కల సబ్బుల దుకాణం. సొంత అక్క కొట్టు షట్టరు దించుకుని కూర్చుంటే నాకు సిగ్గుగా ఉండదూ? సాయంత్రాలు నా గదిలో కూర్చుని చేస్తాను. కిటికీ కింద ఇస్త్రీ బండి ఉంది, ఆవిరంతా పైకొస్తుంది, నా జుట్టు చూస్తే జడుసుకుంటావు. అయినా నీ పనికి అదే నయం, ఇస్త్రీ కోసం దూరం పోనక్కర్లేదు.

నాకు కావలసినవి చెప్తాను, కోప్పడకు. కుట్టి తగిలించినవన్నీ ట్రంకుపెట్టెలో వేసి పంపు, నేనే ఫొటోలు తీయిస్తాను. ప్రతిదానికీ సైజు ఉండాలి: చిన్న, మధ్య, పెద్ద. ప్రతిదానికీ ఒక పేరు కూడా ఉండాలి. "నీలం గౌను" అంటే లోకంలో లక్ష నీలం గౌన్లున్నాయి. చూసినవాళ్ళు ఆగి చదివే పేరు కావాలి. నచ్చకపోతే వెనక్కి పంపడానికి ఒక మీట పెడతాను, దాంట్లో కారణం ఎంచుకోవాలి. వెనక్కి పంపే దిక్కులేకపోతే ఈ రోజుల్లో ఎవరూ కొనరు.

ఇంకో సంగతి. కుట్ల లోపల అంతంత గుడ్డ ఎందుకు వదుల్తావు? ఫొటోలో పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తాయి. పార్సిలు బరువూ పెరుగుతుంది. కత్తిరించెయ్యకూడదూ?

ఆవిరిలో ఉడుకుతున్న
చెల్లి


ఫిబ్రవరి 18

ఒసే గడ్డిపోచా,

ట్రంకుపెట్టె పంపాను. తాళంచెవి పెట్టె హేండిలుకే కట్టాను, ఈసారి మర్చిపోలేదు.

నువ్వన్న చిన్న, మధ్య, పెద్ద అనే మూడు రకాల మనుషులు మా ఊళ్ళో లేరు. ఉన్నవాళ్ళంతా వేరే రకాలు. నా పద్ధతి నీకు తెలుసు, తెలిసీ సైజులడుగుతావు. పని లేనప్పుడు నేను ఊరికే కుట్టను, ఎవరో ఒకరిని మనసులో పెట్టుకుని కుడతాను. బ్యాంకావిడ ఒకటి, పోస్టాఫీసు పిల్ల ఒకటి. లోపల మెడ దగ్గర చిన్న గుడ్డ చీటీ కుట్టి, నా గుర్తుకి నాలుగు ముక్కలు రాసుకుంటాను. ఆ మనిషి కొట్టులోకి రాగానే, ఆవిడ అటు తిరిగినప్పుడు చీటీ కత్తిరించేసి, "ఇది వేసుకు చూడండి" అని ఇస్తాను. సరిగ్గా సరిపోతుంది. "ఏమి అదృష్టమండీ, నా కోసమే కుట్టినట్టుంది" అని మురిసిపోతారు. అవునని నేనెప్పుడూ అనలేదు. ఆ మురిపెం కోసమే వస్తారు వాళ్ళు, గుడ్డ కోసం కాదు.

కుట్టు లోపల గుడ్డ జోలికి రాకు. మనిషి ఎప్పుడూ ఒక్కలాగే ఉండదు. ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకుంటుంది. కత్తిరించి పారేశాక ఇంకేం విప్పుకుంటుంది, నా మొహం?

పేర్లంటావా, వాటికి పేర్లు ఎప్పుడో పెట్టాను, లోపల చూసుకో. చీటీలు మాత్రం కత్తిరించకు. అవి లేకపోతే ఏది ఎవరిదో నాకే తెలీదు.

పెట్టె సర్దుతుంటే మందుల కొట్టాయన వచ్చి "ఎక్కడికండీ ప్రయాణం?" అని అరిచాడు. బట్టలే ప్రయాణం, నేను కాదు అన్నాను. ఖాళీ దండేలు చూస్తుంటే కొట్టు పళ్ళు ఊడిన నోరులా ఉంది. త్వరగా పంపించెయ్.

అక్క


మార్చి 6

అక్కా, అక్కా, అక్కా!

తెరిచేశాను. నీ కొట్టు ఇప్పుడు లోకమంతా తెరిచి ఉంది, ఆదివారం కూడా.

ఫొటోలు నా ఆఫీసు స్నేహితురాలు వేసుకుంటే తీశాం. ఇస్త్రీ బండాయన దగ్గర నేను పడ్డ పాట్లు వేరే ఉత్తరంలో రాస్తాను. అసలు చెప్పవలసింది నీ పేర్ల గురించి. నువ్వింత చమత్కారివని నాకు తెలుసు గాని ఇంతనుకోలేదు! లోపల చీటీలు చూసి నేనూ నా స్నేహితురాలూ కడుపు పట్టుకుని నవ్వాం. "బ్యాంకావిడ: కూర్చుంటే బొత్తాం ఊడుతుంది." "పోస్టాఫీసు: కుడిభుజం జారుడు." "కోపిష్టి: నడుము కొలవద్దు, తిడుతుంది." ఇలాంటి పేర్లు ఏ దుకాణానికున్నాయి చెప్పు? ఒక్క అక్షరం మార్చకుండా అన్నీ అలాగే పెట్టాను. ఒక్కోదాని కింద నా కవిత్వం కూడా రెండు ముక్కలు జోడించాను.

అన్నిటికన్నా ఎక్కువమంది చూస్తున్నది బూడిదరంగు కాలరు చొక్కా. "లెక్కల టీచరు: ఎడమ దూది." దాని కింద నేనేం రాశానో తెలుసా? "లోపల ఎడమవైపు మెత్తటి దూది సంచి. ఎందుకో కుట్టినావిడకే తెలియాలి, గుండెకి చలెయ్యకుండా కాబోలు!" అందరికీ తెగ నచ్చింది. అందుకే దాన్ని మొదటి పేజీలో అన్నిటికంటే పైన పెట్టాను.

మందుల కొట్టాయనకి లింకు పంపాను. ఊళ్ళో తెలిసినవాళ్ళందరి ఫోన్లకీ పంపించమన్నాను. పాపం, చాలా ఉత్సాహంగా ఒప్పుకున్నాడు.

నాకిన్నాళ్ళకి నీకు పనికొచ్చే పని ఒకటి చేశాననిపిస్తోంది. ఆఫీసులో చెప్పులకీ పరుపులకీ కుక్కల సబ్బులకీ గడిపిన ఏడాదికి ఈ మూడు వారాలు సమాధానం.

గర్వంతో ఉబ్బిన
గడ్డిపోచ


మార్చి 9

చెల్లీ,

ఇవాళ మందుల కొట్టాయన ఫోన్ తెచ్చి చూపించాడు. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి, నాకేం కనపడలేదు. బొమ్మలు మాత్రం బాగున్నాయి. ఆయన ఎందుకో ఒకటే నవ్వు.

ఆ బూడిదరంగు కాలరు చొక్కా అమ్మకానిది కాదు. ఒకరిది. హడావిడిలో పెట్టెలో పడిపోయింది. దాన్ని వెంటనే తీసెయ్. ఎందుకని అడక్కు, చెప్పను. మాటిచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానుతుందని నమ్మేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరున్నారు, వాళ్ళ నమ్మకం పోగొట్టలేను.

మందుల కొట్టాయన చేత నీకు ఫోన్ చేయిద్దామనుకున్నాను గాని, ఆయన చెవిన వేస్తే ఊరి చెవిన వేసినట్టే. అందుకని ఈ ఉత్తరం పరుగెత్తి డబ్బాలో వేస్తున్నాను.

అక్క


మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. అమ్మకానికి పెట్టగానే నీకు మొదటిరోజు భయం పట్టుకుంది. మంచిది కుట్టి, నలుగురూ మెచ్చుకోగానే "అది తీసెయ్" అంటావు. చిన్నప్పుడు నువ్వు గీసిన బొమ్మ బడి గోడకి అంటిస్తే, వెనక నుంచి వెళ్ళి పీక్కొచ్చేసిన దానివి కదూ?

ఎవరిదో ఒకరిదన్నావు కాబట్టి అమ్మను, సరేనా? "అయిపోయింది" అని ఎర్రక్షరాలు పెట్టాను. చొక్కా భద్రంగా నా బీరువాలో ఉంది. బొమ్మ మాత్రం ఉంచాను. అందరూ దాన్ని చూడ్డానికే వస్తున్నారు. వచ్చినవాళ్ళు పక్కవి కూడా చూస్తున్నారు. అది తీసేస్తే కొట్టు గుమ్మం మూసేసినట్టే.

నువ్వు నన్ను నమ్ము. ఈ ఒక్కసారికి నాకు తెలిసిన పని నన్ను చెయ్యనియ్.

నీ చెల్లి


మార్చి 24

చెల్లీ,

ఈ ఉత్తరం కోపంతో మొదలుపెట్టి చింపాను. ఏడుస్తూ మొదలుపెట్టింది తడిసిపోయింది. ఇది మూడోది.

ముందు బ్యాంకావిడ వచ్చింది. తన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి చూపించింది. "కూర్చుంటే బొత్తాం ఊడుతుంది." నా చేతిరాతలోని మాట అచ్చులో చూశాను. "ఇన్నేళ్ళూ మా వెనక ఇదా మీరు రాసుకునేది?" అంది. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది చూడు, అదీ నా ఖర్మ. తర్వాత పోస్టాఫీసు పిల్ల రాలేదు. కోపిష్టావిడ వచ్చి తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. కొట్టు ముందు నుంచే తల తిప్పుకుని అద్దాల దుకాణానికి వెళ్ళిపోయింది. నాకోసమే కుట్టినట్టుందని మురిసిన ప్రతి మనిషికీ ఇప్పుడు ఎలా సరిపోయిందో తెలిసిపోయింది. వాళ్ళ ఒళ్ళు చూసి రాసుకున్నానని తెలిసింది. ఎగతాళి కాదమ్మా అది. బొత్తాం ఊడుతుందని రాసుకుంటేనే కదా అక్కడ రెండో కుట్టు వేస్తాను. ఎవరికని చెప్పను?

వీళ్ళందరినీ ఏదో ఒకరోజు బతిమాలుకుంటాను. లెక్కల టీచరుని ఏమని బతిమాలను?

ఇక దాచేదేముంది, లోకమంతా చూశాక. ఆవిడకి ఆరేళ్ళ కిందట ఆపరేషనయింది. ఎడమవైపు తీసేశారు. బళ్ళో జ్వరమని చెప్పి సెలవు పెట్టింది. తెలిసినవాళ్ళం ముగ్గురం: ఆవిడ, ఆవిడ చెల్లెలు, నేను. మొదటిసారి నా కొట్టుకి వచ్చినప్పుడు షట్టరు సగం దించమంది. "బోర్డు మీద రాస్తుంటే పిల్లలు వెనక ఉంటారు, పరవాలేదు. ఇటు తిరిగినప్పుడే నా ప్రాణం పోతోంది" అంది. నాలుగు చొక్కాలు పాడుచేసి ఐదోది కుదిరింది. అది తొడుక్కుని అద్దంలో పక్కకి తిరిగి చూసుకుని, నా ఎత్తుపీట మీద కూర్చుంది. అప్పట్నుంచి అది ఆవిడ పీట.

నువ్వు రాసిన "గుండెకి చలెయ్యకుండా" అన్న మాట బళ్ళో పిల్లలందరికీ నోటికొచ్చింది. క్లాసులో ఆవిడ బల్ల మీద ఎవరో దూది ఉండ పెట్టారట. ఆవిడ దాన్ని పక్కకి జరిపి, పాఠం పూర్తిచేసి, ఇంటికెళ్ళి, మళ్ళీ రాలేదు.

వాళ్ళింటికెళ్ళాను. తలుపు కొట్టాను. లోపల లైటుంది. ఏమన్నా అందో అనలేదో నాకెలా తెలుస్తుంది? రమ్మన్నా వినపడదు, పొమ్మన్నా వినపడదు. చాలాసేపు నిలబడి వచ్చేశాను.

తప్పు నీదని అనను. "పేర్లు లోపల చూసుకో" అన్నది నేనే. నువ్వు అడిగిందొకటి, నేను చెప్పిందొకటి. అయినా ఒక్కమాట. "తీసెయ్" అన్నప్పుడు తీసేసి ఉండాల్సిందే తల్లీ.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

నీ ఉత్తరం అందిన గంటలో అంతా తీసేశాను. తీసేశాననడం సులువు. చూసినవాళ్ళ కళ్ళలోంచి ఎలా తియ్యను? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అది ఇంకా భరించలేను. నువ్వు వద్దన్నావు, నేను నవ్వాను. ఆఫీసులో నిన్న ఎవరో "ఎడమ దూది" అని నవ్వబోతే లేచి బయటకి వచ్చేశాను.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ చొక్కా కింద "అయిపోయింది" అని పెట్టాను కదా. అయినా కొందరు ఉత్తరాలు రాశారు. నవ్వడానికి కాదు. ఎక్కడెక్కడి నుంచో, ఎవరో ఆడవాళ్ళు. "కుడివైపుకి కూడా కుడతారా?" అని ఒకరు. "రెండువైపులా?" అని ఒకరు. ఇంకొకావిడ ఏమీ అడగలేదు, కొలతలు మాత్రమే రాసి పంపింది. ఎందుకో కుట్టినావిడకే తెలియాలి అని నేను రాసిన మాటకి, మాకూ తెలుసు అని వాళ్ళు జవాబు చెప్పినట్టుంది.

వాళ్ళకి నువ్వు కుడతానంటే, ఆ ఒక్క చొక్కా కోసం వేరే పేజీ చేస్తాను. పేర్లుండవు. బొమ్మలో మనిషి ఉండదు. కవిత్వం అసలే ఉండదు. వద్దంటే వద్దు. ఈసారి నువ్వేమంటే అదే.

చెల్లి


మే 2

చెల్లీ,

గోడ కొట్టేశారు. నా దండేలున్న చోట ఇప్పుడు దగ్గు మందులున్నాయి. మందుల కొట్టాయన నా మొహం చూడలేక రెండు రోజులు కొట్టు వాళ్ళావిడకి వదిలేసి తిరిగాడు. మిషను, ఎత్తుపీట ఇంటికి తెచ్చుకున్నాను. వంటింటి కిటికీ పక్కన పెట్టాను.

నీ పేజీలో వచ్చినవాళ్ళకి కుడుతున్నాను. వద్దనడానికి నోరు రాలేదు. కాని ఇదేం కొట్టే? మనిషి రాదు, అటు తిరగదు, ఇటు తిరగదు. అంకెలు వస్తాయి, చొక్కా వెళ్తుంది. వాళ్ళు మురిసిందీ లేనిదీ నాకు తెలీదు. నాకు చెవులు పోయినప్పుడు కళ్ళున్నాయనుకున్నాను. నువ్వు పెట్టిన కొట్టులో వాటికీ పనిలేదు.

నిన్న నువ్వు పంపిన కొత్త కొలతల్లో ఒకటి మా ఊరిదే. పేరు ఏదో పెట్టింది. పార్సిలు పోస్టాఫీసులోనే ఉంచమంది. కొలతలన్నిటి కింద "కుడిచెయ్యి ఎడమదానికన్నా అరంగుళం పొడుగు" అని రాసింది. బోర్డు మీద రాసి రాసి ఆ భుజం అలా సాగింది. ఆ సంగతి ఆవిడకి చెప్పింది నేనే.

చూశావా, నా దగ్గరకి రాదు గాని, నా చొక్కా లేకపోతే గడవదు. నా మొహం చూడకుండా నా దగ్గర కొనుక్కునే వీలు నువ్వే కల్పించావు. ఆన్‌లైన్ గొప్పతనం ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది.

బూడిదరంగులోనే కుట్టి పంపాను. ఒక ముక్క రాసి లోపల పెడదామని కాగితం తీసి, మళ్ళీ పెట్టలేదు. చీటీ కూడా కుట్టలేదు. మనిషి ఎవరో తెలిసీ చీటీ కుట్టకపోవడం ఇదే మొదలు.

అక్క


జూన్ 10

అక్కా,

నీకు చిన్న ఓటమి వార్త. మీ ఊరి పార్సిలు వెనక్కి వస్తోంది. వెనక్కి పంపే మీట నొక్కి, కారణాల్లో "వదులుగా ఉంది" అన్నది ఎంచుకున్నారు. ఇరవయ్యేళ్ళలో నీ కొలత తప్పడం ఇదే మొదటిసారేమో! కోపం తెచ్చుకోకు, అలా రాస్తే కాస్త నవ్వుతావేమోనని రాశాను. నవ్వి చాలా రోజులైంది మనం.

ఒకవేళ ఆవిడ అలిగి వంక పెట్టిందేమో. నేను పెట్టిన కారణాల్లో "మీ మీద కోపం" అన్నది లేదు మరి, ఉన్నదేదో నొక్కి ఉంటుంది. అలా అయితే అదీ మంచిదే కదా? అలిగేది అయినవాళ్ళ మీదే.

చెల్లి


జూన్ 17

చెల్లీ,

నా కొలత తప్పలేదు.

చొక్కా వచ్చింది. విప్పి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాను. రెండు పక్కలా పిన్నీసులు గుచ్చిన కన్నాలున్నాయి. పిన్నీసులు పెట్టుకుని వేసుకుని చూసి, అప్పుడు వెనక్కి పంపింది. కన్నాల మధ్య చెయ్యి పెట్టి చూస్తే పక్కకి మూడేసి వేళ్ళు. ఆవిడ రాసి పంపినవి పోయినేడు నేను తీసిన కొలతలు. ఆ కొలతల మనిషి ఇప్పుడు లేదు. ఇంత తక్కువ రోజుల్లో అంత తగ్గిందంటే కావాలని తగ్గలేదు.

నా ఎదురుగా పీట మీద కూర్చుని ఉంటే మొదటి వారమే కనిపెట్టేదాన్ని. మెడ దగ్గర తెలిసిపోతుంది ముందు. "పదండి డాక్టరు దగ్గరికి" అని లాక్కుపోయేదాన్ని. మార్చి నుంచి ఆవిడని చూసే కళ్ళు లేకుండా పోయాయి. ఎవరూ చూడకూడదని తలుపేసుకుంటే నిజంగానే ఎవరూ చూడలేదు.

వాళ్ళింటికి పరుగెత్తాను. తాళం. పక్కింటావిడ కాగితం మీద రాసి చూపించింది. జబ్బు తిరగబెట్టిందట, వాళ్ళ చెల్లెలు తీసుకెళ్ళిందట. నువ్వున్న ఊళ్ళోనే, పెద్దాసుపత్రిలో.

కన్నాల ప్రకారం తగ్గించి కుట్టాను. ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నువ్వే తీసుకెళ్ళి చేతికివ్వాలి. నీకు కష్టమని తెలుసు. అందుకే నిన్ను వెళ్ళమంటున్నాను. నన్ను రమ్మంటుందేమో అడుగు. నోరు విడిచి అడుగు.

అక్క


జూన్ 28

అక్కా,

వెళ్ళాను. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను, మూడోసారి లోపలికి వెళ్ళాను.

కిటికీ పక్క మంచం. వాళ్ళ చెల్లెలు దువ్వెన పట్టుకుని కూర్చుంది, దువ్వడానికి పెద్దగా జుట్టు లేదు. నేనెవరినో చెప్పాను. టీచరు నన్ను చూసి, "వెబ్‌సైటు మీరే చేశారా?" అన్నారు. అవునన్నాను. "ఎంతమంది చూశారు?" అన్నారు. లెక్కల టీచరు కదా, అబద్ధం చెప్పలేకపోయాను. అంకె చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "నా సర్వీసు మొత్తం మీద ఇంతమందికి పాఠం చెప్పలేదు నేను" అన్నారు. నేను మంచం కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేశాను. ఊరుకోమని ఆవిడ అనలేదు. అనాలని నేనూ కోరుకోలేదు.

నీకు తెలియకుండా జరిగిందని చెప్పాను. వెంటనే తీసెయ్యమన్నావని, నేనే వినలేదని చెప్పాను. "తెలుసు" అన్నారు. "తెలిసే తలుపు తియ్యలేదు. తీస్తే ఏడుస్తుంది. ఇద్దరం ఏడవాలి. అంత ఓపిక లేదు" అన్నారు. మరి చొక్కా మా అక్క దగ్గరే ఎందుకు తెప్పించుకున్నారని అడిగాను. "ఇంకెవరికి తెలుసండీ నా కొలత?" అన్నారు.

చొక్కా వేసుకుంటానన్నారు. వాళ్ళ చెల్లెలూ నేనూ లేపి కూర్చోబెట్టి తొడిగాం. ఎడమవైపు చేత్తో తడిమి చూసుకున్నారు. అక్కడ బాగానే ఉంది.

నీకు అబద్ధం రాయాలని ఉంది, రాయలేను. సరిపోలేదక్కా. మళ్ళీ వదులే. వాళ్ళ చెల్లెలు వెనకనుంచి గుప్పెడు గుడ్డ పట్టుకుని, ముందునుంచి చూస్తే సరిపోయినట్టు కనపడేలా నిలబడింది. టీచరు అద్దమడిగారు. నా ఫోన్‌లో చూపించాను. కాస్త పక్కకి తిరిగి చూసుకున్నారు.

నిన్ను రమ్మంటారా అని అడిగాను. "వద్దని చెప్పండి. గుమ్మంలోంచి ఒక్క చూపు చూసిందంటే ఎన్ని అంగుళాలు మిగిలానో చెప్పేస్తుంది. నోటితో చెప్పకపోయినా మొహంలో కనపడిపోతుంది. నాకా లెక్క వద్దు" అన్నారు.

ఇంకో వారం ఇక్కడే ఉంచుతారట. ఆ తర్వాత సంగతి వాళ్ళ చెల్లెలు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

చెల్లి


జూలై 3

చెల్లీ,

వద్దంది కదా, రాను.

వాళ్ళ చెల్లెలు పట్టుకున్న గుప్పెడంటే ఎంతో నాకు అందాజు ఉంది. ఆ లెక్కన ఇంకోటి కుట్టాను. దానితోపాటే ఇంకా చిన్నది కూడా ఒకటి కుట్టి కింద పెట్టాను. అది ఆవిడకి చూపించకు. వాళ్ళ చెల్లెలి చేతికియ్యి, ఎందుకో ఆ అమ్మాయికి అర్థమవుతుంది. ఆసుపత్రిలో బొత్తాలు ముందుంటేనే సులువు, అందుకని రెండిటికీ ముందే పెట్టాను. దూది కొత్తది.

రెండిటిలోనూ బయటి గుడ్డకన్నా లోపలి గుడ్డే ఎక్కువైంది. పక్కల్లో మడతలు మందంగా తగులుతాయి, పడుకుంటే ఒత్తుకోకుండా పలచగా ఇస్త్రీ చేయించు. మీ ఇస్త్రీ బండాయనకి చెప్పు. కత్తెర మాత్రం ఎవరినీ తగలనివ్వకు.

లోపల ఒక్క పోగు కూడా కత్తిరించలేదు. కుట్లు పొడుగ్గా, వదులుగా వేశాను, కొస పట్టుకుని లాగితే వచ్చేస్తాయి. ఒళ్ళు చేశాక విప్పుకోమని చెప్పు.

అక్క